కామా బీచ్: వాడితే నిలిచే పడవలు, వదులుకోవాల్సిన గదులు

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటిల్‌కు ఉత్తరాన కారులో సుమారు గంటన్నర వెళితే కమేనో ద్వీపం వస్తుంది. ద్వీపమే అయినా ఫెర్రీ కోసం ఎదురుచూడనక్కర్లేదు. స్టాన్‌వుడ్ ఊరు దాటి వంతెన మీదుగా నేరుగా వెళ్లిపోవచ్చు. ద్వీపం పడమటి ఒడ్డున ఉన్నదే కామా బీచ్ స్టేట్ పార్కు. సియాటిల్ పక్కనున్న రెడ్మండ్, బెల్‌వ్యూ వైపు స్థిరపడిన తెలుగు కుటుంబాలు, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకుని ఒక్క రోజులో వెళ్లి రావచ్చు. అయితే, నీటి అంచున చెక్క గదుల్లో రాత్రి ఉండొచ్చని ఎవరైనా చెబితే అది పాత మాట. 2024లో ఆ బసను శాశ్వతంగా ఆపేశారు. కారణాలు తెలుసుకుంటే తప్ప ఈ పార్కు అర్థం కాదు.

1934లో ఇక్కడ చేపల వేటకు వచ్చేవారి కోసం ఒక రిసార్టు మొదలైంది. ఒడ్డు పొడవునా వరసగా 30కి పైగా చిన్న దేవదారు గదులు, అద్దెకు పడవలు, సరుకుల కొట్టు. మధ్యతరగతి కుటుంబాలు వేసవి సెలవులకు ఏటా ఇక్కడికే వచ్చేవి. 1989లో రిసార్టు మూతపడింది. అమ్ముకుంటే ఎంతో ధర పలికే తీరమది. యజమాని కుటుంబం మాత్రం భూమిలో చాలా భాగాన్ని విరాళంగా ఇచ్చి, ఆ చోటు ప్రజలకు దక్కేలా చేసింది. పాత గదులను బాగుచేసి 2008లో పార్కుగా తెరిచారు. కార్లను పైన గట్టు మీదే ఆపించేవారు, సామాన్లు షటిల్ బండిలో కిందికి వచ్చేవి. అందుకే ఆ ఒడ్డున ఇంజిన్ల మోత ఉండేది కాదు.

పాత పడవల షెడ్డు బాధ్యతను సియాటిల్‌కు చెందిన సెంటర్ ఫర్ వుడెన్ బోట్స్ తీసుకుంది. చారిత్రక పడవలను అద్దాల వెనక దాచకుండా జనం చేతికి ఇవ్వాలన్నది ఆ సంస్థ పద్ధతి. తెడ్డు పడవలు అద్దెకిచ్చేవారు, తెరచాప నడపడం నేర్పేవారు, పిల్లల చేత బొమ్మ పడవలు చేయించేవారు. ఈ పద్ధతి వెనక చెక్క స్వభావం కూడా ఉంది. పలకలు కూర్చి కట్టిన పడవను చాలాకాలం ఒడ్డున ఎండబెడితే పలకలు కుంచించుకుపోయి సందులు తెరుచుకుంటాయి. నీళ్లలో దింపితే, వానాకాలంలో చెక్క తలుపు ఉబ్బి గడపకు పట్టేసినట్టు, పలకలు ఉబ్బి ఆ సందులు మూసుకుంటాయి. అంటే ఇలాంటి పడవను వాడటం కూడా దాన్ని కాపాడుకోవడంలో భాగమే. దాని మరమ్మతు తెలిసిన చేతులు కూడా పని ఉంటేనే తయారవుతాయి.

గదుల విషయంలోనూ ఇదే సూత్రం కొంతకాలం పనిచేసింది. జనం వచ్చి ఉండటం వల్లే వాటి బాగోగులు చూసేవారు ఉండేవారు. కానీ వాటికి మూడు చిక్కులు వచ్చిపడ్డాయి. సముద్రమట్టం పెరుగుతోంది, ఒడ్డు కోసుకుపోతోంది. మురుగునీటి సెప్టిక్ వ్యవస్థ దెబ్బతింది. అన్నిటికన్నా లోతైనది మూడోది: ఆ నేల కింద కోస్ట్ సేలిష్ ప్రజల వేల ఏళ్ల జీవితం ఉంది. వాళ్లు తిని వదిలిన ఆల్చిప్పల పొరలు అక్కడున్నాయి. పార్కు నిర్మాణ సమయంలో మానవ అవశేషాలు కూడా బయటపడటంతో స్థానిక తెగలు గట్టిగా అభ్యంతరం చెప్పాయి. కొత్త గొట్టాలు వేయాలంటే మళ్లీ అదే నేలను తవ్వాలి.

అందుకే బస ఆపడం సరైన నిర్ణయమని నా నమ్మకం. పడవను మరో రేవుకు తీసుకెళ్లి నడపవచ్చు. గదిని అదే చోట నిలపాలంటే పూర్వీకుల సమాధులను కదిలించాలి. 90 ఏళ్ల జ్ఞాపకాన్ని నిలుపుకోవడానికి వేల ఏళ్ల జ్ఞాపకాన్ని తవ్విపోయడం వారసత్వ రక్షణ అనిపించుకోదు.

ఇప్పటికీ పగటిపూట చూడటానికి అక్కడ చాలా ఉంది. కారుకు రాష్ట్ర పార్కుల డిస్కవర్ పాస్ ఉండాలి. అడవి బాటలో నడిస్తే పక్కనున్న కమేనో ఐలాండ్ స్టేట్ పార్కు చేరుకోవచ్చు. 1949లో వందలాది మంది స్థానికులు స్వచ్ఛందంగా కదలి, ఒక్క రోజులో తీర్చిదిద్దిన పార్కు అది. ఎదురుగా విడ్బీ ద్వీపం, ఆకాశం తేటగా ఉంటే వెనక ఒలింపిక్ కొండలు కనిపిస్తాయి. మార్చి నుంచి మే దాకా బూడిదరంగు తిమింగలాలు అడుగు బురదలోని రొయ్యల కోసం ఈ రెండు ద్వీపాల మధ్యనున్న సరటోగా పాసేజ్‌లోకి వస్తాయి, ఒడ్డు నుంచే చూడొచ్చు. పీతలు పట్టాలనుకుంటే లైసెన్సు తీసుకోవాలి, డంజినెస్ రకం ఆడ పీతలను నీళ్లలో వదిలేయాలి. ఆల్చిప్పలను జేబులో వేసుకోకండి, నేలను తవ్వకండి. తెడ్డు పట్టాలన్న కోరిక ఉంటే తిరుగు ప్రయాణంలో సియాటిల్‌లోని లేక్ యూనియన్ దగ్గర ఆగండి, ఆ పడవల సంస్థ అసలు నెలవు అక్కడే. పిల్లలను వెంట తీసుకెళ్లి, తెడ్డు వాళ్ల చేతికే ఇవ్వండి.