పల్నాటి రాయితో చిన్న ఆఫీసు

నకరికల్లు: పల్లెటూళ్లలో ఎరువుల వ్యాపారి అయినా, రైతుల సంఘం అయినా చిన్న ఆఫీసు గది పెట్టాలంటే ముందుగా ఆలోచించేది మెరిసే టైల్సు, అద్దాల తలుపు గురించే. ఎండాకాలం కరెంటు పోతే ఆ గదిలో పావుగంట కూర్చోవడం కష్టం. పనిమీద వచ్చిన రైతు బయట ఎండలో నిలబడవలసిందే. చల్లగా వుండే గదికి కావలసిన సరుకు మాత్రం పల్నాటి నేలలోనే వుంది.

దాచేపల్లి, మాచర్ల ప్రాంతాల్లో నాపరాయి, పిడుగురాళ్లలో సున్నం దొరుకుతాయి. అమరావతి స్తూపానికి, నాగార్జునకొండ విహారాలకు నాటి శిల్పులు చెక్కింది ఈ ప్రాంతపు సున్నపురాయినే. ఇంగ్లీషు వారు దానిని పల్నాడు పాలరాయి అన్నారు గాని అది పాలరాయి కాదు. అమరావతి ఫలకాలు లండన్ బ్రిటిష్ మ్యూజియం దాకా వెళ్లాయి. సాగర్ డ్యాముకు 1955లో శంకుస్థాపన జరిగాక, ముంపులో పడే కట్టడాలు కొన్నింటిని కొండమీదికి, అనుపుకు తరలించారు. మెట్లుమెట్లుగా రాతి ఆసనాలున్న ప్రదర్శనశాలను అనుపులో నేటికీ చూడవచ్చు.

చిన్న గదికి స్తంభాలు, తోరణాలు పెడితే సినిమా సెట్టింగులా వుంటుంది. అమరావతి ప్రాకార స్తంభాల మీద వుండే పద్మం ఒక్కటి చెక్కించి, బల్ల వెనుక గోడకు అమర్చితే చాలు. కింద నాపబండలు పరచాలి. మరీ నునుపు చేయిస్తే తడికాలు జారుతుంది. ఈ బండల మీద యాసిడ్ పోసి కడగరాదు, నిమ్మరసం పడినా మచ్చ పడుతుంది. సున్నపురాయి గుణమే అది.

పాత ఇళ్ల మందపాటి రాతి గోడల్లో గూళ్లు వుండేవి. నేటి తొమ్మిదంగుళాల గోడలో అంత లోతు రాదు. గోడకు నాపబండ అరలు దిగేస్తే కాగితాలకు, రికార్డులకు సరిపోతాయి. గోడలకు సున్నం గచ్చు మంచిదే గాని తొందర పనికిరాదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని సున్నం మెల్లగా మళ్లీ రాయి అవుతుంది. ఆ పని తెలిసిన మేస్త్రీని ముందే చూసుకోవాలి.

అన్నింటికన్నా ముఖ్యం గది ముందు అరుగు. నీడకు పంచ దించి, నలుగురు కూర్చునేలా బండలు వేస్తే వచ్చిన రైతుకు నిలబడే బాధ తప్పుతుంది. ఖర్చు తగ్గించుకోవాలంటే దీన్ని మాత్రం తగ్గించరాదు.

పాత రాయి కావాలని రక్షిత కట్టడాల జోలికి పోతే కేసవుతుంది. ఊళ్లో పాత ఇల్లు పడగొట్టేటప్పుడు మంచి బండలు కూడా పూడికకు పోతుంటాయి. ట్రాక్టరు రాకముందే ఇంటివారిని అడిగి కొనుక్కోవచ్చు.