మాయాశశిరేఖ, మాయాగాయకుడు

1957 నాటి "మాయాబజార్" చిత్రమున ఘటోత్కచుడు శశిరేఖ రూపు దాల్చగా మనమెల్లరము నవ్వుకొంటిమి. బ్రతికియున్న మనుష్యుని గూర్చి లోకమట్లే నమ్మినచో నవ్వు రాదు.

ఆంగ్లదేశపు బీటిల్స్ బృందమునందలి పాల్ మెకార్ట్నీ 1966 లోనే కారు ప్రమాదమున మరణించెననియు, అతని పోలికగల వేఱొకడు పాడుచున్నాడనియు 1969 లో వదంతి పుట్టెను. అక్టోబరు 12 న డెట్రాయిట్ రేడియోలో ఒక శ్రోత ఎత్తిన ఆ మాట అమెరికా యంతయు ప్రాకెను. "ఆబీ రోడ్" పాటల రికార్డు అట్టపై అతడు చెప్పులు లేక నడచుట శవలక్షణమట! ఆళ్ళగడ్డ మీదుగా అహోబిలమునకేగి వట్టికాళ్ళతో కొండనెక్కు మన సోదరీమణులు విన్న నేమందురో!

నిజమునకు ఆ ఆగస్టు 28 న అతనికి కూతురు పుట్టినది. బృందమున కలతలు ముదిరినవి. ఆలుబిడ్డలతో అతడు స్కాట్లాండులోని తన పొలమునకు జేరెను. "లైఫ్" పత్రికవారచటికి బోయి, నవంబరు 7 సంచిక ముఖచిత్రముగా ఆ కుటుంబమును చూపవలసివచ్చెను.

నంద్యాల పిల్ల ఆళ్ళగడ్డకు కాపురమునకు బోయి, ఏడాదికి చిక్కి, మాట తగ్గి పుట్టింటికి వచ్చినచో "ఇది మన పిల్లయేనా?" యని ఇరుగుపొరుగువారందురు. ఆ మాటలో ప్రేమయు గలదు. కాని "ఏమైనదమ్మా?" యని అడుగునది తల్లి యొక్కతెయే. ఆ అభిమానులయెడ మాకు జాలియే కలుగుచున్నది. వారు అట్టలపై చావుగుర్తులు వెదకుచుండగా చితికిపోవుచున్నది బృందము. 1970 ఏప్రిలులో పాల్ తాను వేఱుపడితినని ప్రకటించెను.