గోడ మీది అంకె... గ్యాస్ బిల్లు!

అమ్మాయి పురిటికి అమెరికా వెళ్లే తల్లులు కారప్పొడి, కరివేపాకు పొడి, పసిబిడ్డకి ఉగ్గుగిన్నె... అన్నీ గుర్తుపెట్టుకుని సర్దుకుంటారు. చలికాలమైతే రెండు శాలువాలు కూడా. అక్కడ హాల్లో గోడకుండే చిన్న పెట్టె సంగతి మాత్రం ఎవరూ ముందుగా చెప్పరు. దాని పేరు థర్మోస్టాట్. ఇల్లు ఎంత వెచ్చగా ఉండాలో అంకె పెడితే, అంత వేడి వచ్చేదాకా ఫర్నేస్ గ్యాస్ మండిస్తుంది. వచ్చాక ఆగుతుంది. ఇల్లు చల్లబడగానే మళ్లీ మొదలు!

మిషిగన్‌లో మా అమ్మాయి దగ్గర నేను రెండు చలికాలాలు ఉన్నాను. ఫారన్‌హీట్ లెక్కలో అల్లుడు 66 చాలంటాడు, అమ్మాయి 70 ఉండాలంటుంది. మరి మనం? "అల్లుడిగారింట్లో చలేస్తోందని చెప్తే ఏం బాగుంటుంది" అని శాలువా కప్పుకుని కూర్చుంటాం! అందుకే ఈ లెక్కేమిటో మనకీ తెలిసి ఉండాలి.

చిల్లు బిందె లెక్క

ఇల్లు చిల్లుపడ్డ బిందె లాంటిది. బిందె నిండుగా ఉంటే చిల్లులోంచి నీళ్లు జోరుగా పోతాయి, మట్టం తగ్గితే ధార సన్నబడుతుంది. వేడీ అంతే. లోపలికీ బయటికీ తేడా ఎంత ఎక్కువైతే వేడి అంత తొందరగా పోతుంది. బయట 20 డిగ్రీలు, లోపల 70 అయితే తేడా 50. ఇల్లు 60కి దిగితే తేడా 40. అంటే పోయే వేడిలో ఐదోవంతు తగ్గినట్టే.

రోజుకి 8 గంటలపాటు 7 నుంచి 10 డిగ్రీలు తగ్గించి ఉంచితే, ఇంటిని వేడి, చల్ల చేసే ఏడాది ఖర్చులో నూటికి 10 వరకు మిగలవచ్చని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. అందరూ పనులకు వెళ్లిన వేళ, దుప్పట్లో నిద్రపోయే వేళ ఇందుకు అనువైనవి.

"తగ్గిస్తే మళ్లీ వేడెక్కడానికి ఇంకా ఎక్కువ గ్యాస్ కాలుతుందటగా?" అని అక్కడ మనవాళ్లు చాలామంది అడిగారు. అది అపోహే. మట్టం తక్కువగా ఉన్నంతసేపూ కారింది తక్కువే కదా! తిరిగి పోయాల్సిందీ తక్కువే. అలాగే 80 పెడితే ఇల్లు త్వరగా వేడెక్కదు. మామూలు ఫర్నేస్ వేగం ఒకటే. 70 దగ్గర ఆగాల్సింది 80 దాకా మండుతుంది, అంతే. కరెంటు హీట్ పంప్ ఉన్న ఇళ్ల సంగతి వేరు. ఒక్కసారిగా ఎక్కువ డిగ్రీలు పెంచితే ఖర్చెక్కువయ్యే అదనపు హీటర్ వెలగవచ్చు.

పొదుపుకీ హద్దుంది

1977 ఫిబ్రవరి 2న, గ్యాస్ కొరత రోజుల్లో, అధ్యక్షుడు కార్టర్ స్వెట్టర్ వేసుకుని టీవీలో కనిపించి, పగలు 65, రాత్రి 55 చాలన్నారు. ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్లు సర్దుకోగలరేమో గానీ, పెద్దవాళ్లకి కష్టం. వయసు మీదపడ్డాక ఒంట్లో వేడి నిలవదు. ముసలివాళ్లున్న ఇల్లు కనీసం 68, అంటే మన 20 సెల్సియస్ ఉండాలని అక్కడి వృద్ధాప్య ఆరోగ్య సంస్థ సలహా. పసిబిడ్డకి చలీ పనికిరాదు, అలాగని గదిని మరీ ఉడకపెట్టకూడదు కూడా.

ఊరెళ్లేటప్పుడు కూడా పూర్తిగా ఆపెయ్యకూడదు. 55కి తగ్గకుండా ఉంచాలి. లేకపోతే గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టి పగిలిపోతాయి. మిగిలిన గ్యాస్ డబ్బులకి పదింతలు రిపేరుకే!

ఇక పురిటింట్లో పగలూ రాత్రీ ఎవరో ఒకరు మేలుకునే ఉంటారు. తగ్గించే వేళే దొరకదు. బయట 20 ఉన్న రోజున 66కి బదులు 70 పెడితే గ్యాస్ నూటికి తొమ్మిది పాళ్లు ఎక్కువ కాలుతుంది. చిన్న ఖర్చేం కాదు, కానీ ఆ రెండు మూడు నెలలకే. బాలింత తిరిగి ఉద్యోగంలో చేరాక పగలు ఖాళీ ఇంట్లో తగ్గించి చాలావరకు రాబట్టుకోవచ్చు.

కాబట్టి అమ్మలూ, ఈసారి చేతులు చల్లబడితే మొహమాటపడకండి. "బాబూ, ఇంకో రెండు డిగ్రీలు పెంచు" అని అల్లుణ్ణే అడగండి. అమ్మాయిలూ, అమ్మ అడిగేదాకా ఆగకండి. ఆవిడ అడగదని మీకూ తెలుసు!