పరిమిత బాధ్యత అనగా ఏమి?

సంఘ సభ్యులు కొందరు కలిసి పాలకోవా తయారీయో, దాణా వ్యాపారమో పెట్టదలచినప్పుడు మొదట తేల్చుకోవలసిన విషయం ఒకటున్నది: నష్టం వస్తే ఎవరు భరించాలి?

సాధారణ భాగస్వామ్య వ్యాపారంలో అప్పు తీరకపోతే అది భాగస్వాముల సొంత ఇల్లు, పొలం దాకా రావచ్చును. లిమిటెడ్ కంపెనీ విషయం వేరు. చట్టం దృష్టిలో కంపెనీ వేరొక వ్యక్తి వంటిది. దాని అప్పు దానిదే. వాటాదారుడు తన వాటాలో ఇంకా చెల్లించవలసిన సొమ్ముకే బాధ్యుడు. 1,000 రూపాయల వాటాకు 600 చెల్లించినవాడు మిగిలిన 400కు మాత్రమే జవాబుదారీ.

రైతుల కొరకు 2002 నాటి చట్ట సవరణ ‘ఉత్పత్తిదారుల కంపెనీ’కి అవకాశం కల్పించింది. పాడి రైతులు పదిమంది కలిస్తే దీనిని రిజిస్టరు చేసుకోవచ్చును. డైరెక్టర్లు 5గురికి తగ్గరాదు, 15 మందికి మించరాదు. రైతులే సభ్యులైన కంపెనీలో ఎన్ని వాటాలున్నా ఒక్కొక్కరికి ఒకే ఓటు.

అయితే ఒక హెచ్చరిక. కంపెనీ తీసుకొనే బ్యాంకు అప్పుకు డైరెక్టరు సొంత హామీ ఇచ్చినచో, ఆ హామీ మేరకు ఆయన ఆస్తికి ఈ రక్షణ ఉండదు. కనుక కాగితంలో ఏమున్నదో చదివించుకొని, అర్థమైన తరువాతనే సంతకం చేయండి.