తిరిగొచ్చాక మొదలయ్యే బిల్లు

బరువు తగ్గించే ఆపరేషన్ కోసం లండన్ నుంచి ఇస్తాంబుల్‌కి, కాలిఫోర్నియా నుంచి మెక్సికోలోని తిహ్వానాకి విమానాలెక్కుతున్నారు జనం. ప్యాకేజీ మీద రాసి ఉండే ధర ఒకటి, రెండేళ్లలో చేతి నుంచి పోయేది మరొకటి.

‘మొత్తం ఎంతవుతుందో తేల్చండి, గురువారానికల్లా కావాలి.’ ఈ ముఖచిత్ర కథనానికి ఎడిటర్ గారు అప్పగించిన పని ఇంతే. సూటి ప్రశ్నే. జవాబు కోసం ఇస్తాంబుల్ క్లినిక్కుల కొటేషన్లు ముందేసుకుని కూర్చుంటే, మెరిసిపోయే మొదటి పేజీ కన్నా చివర్లో చిన్న అక్షరాల్లో ఉండే భాగమే నన్ను కదలనివ్వలేదు. ప్యాకేజీలో ఏవి లేవో చెప్పేది అక్కడే. అందుకే ఈ కథనంలో సింహభాగం దానికే ఇస్తున్నాను.

ముందు, ఉన్నవేమిటో చూద్దాం. బ్రిటన్ నుంచి వెళ్లేవాళ్లకి ఇస్తాంబుల్‌లో స్లీవ్ ఆపరేషన్‌కి సాధారణంగా చెప్పే ధర 2,000 నుంచి 4,000 పౌండ్లు. పౌండు 115 రూపాయల లెక్కన రెండు లక్షల ముప్ఫై వేల నుంచి నాలుగు లక్షల అరవై వేల దాకా. అదే ఆపరేషన్‌కి బ్రిటన్ ప్రైవేటు ఆసుపత్రిలో 8,000 నుంచి 10,000 పౌండ్లు అవుతుంది. ఇస్తాంబుల్ ధరలో విమానాశ్రయం నుంచి కారు, ఆపరేషన్‌కి ముందు రక్తపరీక్షలు, ఎండోస్కోపీ, సర్జన్ ఫీజు, మత్తు డాక్టర్ ఫీజు, రెండు మూడు రాత్రులు ఆసుపత్రి, మరో రెండు మూడు రాత్రులు హోటల్, కొద్దిరోజుల మందులు ఉంటాయి. భాష తెలిసిన సహాయకురాలు పక్కనే ఉంటుంది. ఇవన్నీ నిజంగానే ఇస్తారు. చాలామంది క్షేమంగా తిరిగొస్తారు, బరువూ తగ్గుతారు. టర్కీలో చెయ్యి తిరిగిన సర్జన్లకి కొరత లేదు.

స్లీవ్ అంటే పొట్టలోని జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం తీసేసి, మిగిలినదాన్ని అరటికాయంత గొట్టంలా మిగల్చడం. కోసిన అంచు పొడవునా స్టేపుల్ వేస్తారు. ఆ స్టేపుల్ గీతే ఈ కథకంతటికీ కీలకం.

చిన్న అక్షరాల దగ్గరికి వద్దాం. అక్కడ ఉండే మొదటి మినహాయింపు విమానం టికెట్లు. ఇది అందరికీ తెలిసేదే. రెండోది, తోడు వచ్చే మనిషి ఖర్చు. కొన్ని ప్యాకేజీల్లో హోటల్ గదిని పంచుకోనిస్తారు కానీ టికెట్టు, తిండి మనవే. పొట్టకి నాలుగైదు చిల్లులు పెట్టించుకున్న మనిషి సూట్‌కేసు ఎత్తకూడదు కాబట్టి తోడు లేకుండా వెళ్లడం పొదుపు కాదు. మూడోది, అనుకున్న రోజుల కన్నా ఎక్కువ ఉండాల్సివస్తే ఆసుపత్రికీ హోటల్‌కీ అయ్యే ఖర్చు. నాలుగోది, ఐసీయూ, రక్తం ఎక్కించడం, రెండోసారి ఆపరేషన్. కొన్ని క్లినిక్కులు వీటిని కొంతవరకు భరిస్తామంటాయి, అదీ తమ ఆసుపత్రిలో, తమ సర్జన్ దగ్గరే చేయించుకుంటే. అంటే మళ్లీ విమానం ఎక్కాలి.

ఈ మూడో, నాలుగో మినహాయింపులని క్యాలెండరు పక్కన పెట్టి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. స్లీవ్ చేయించుకున్న ప్రతి వందమందిలో ఒకరిద్దరికి స్టేపుల్ గీత ఎక్కడో చోట విడి లీకు అవుతుంది. అది మొదటి రెండు రోజుల్లోనే జరిగితే అదృష్టం, ఎందుకంటే రోగి ఇంకా ఆసుపత్రిలోనే ఉంటారు. కానీ చాలా లీకులు వారం గడిచాకే బయటపడతాయి. ప్యాకేజీ ఐదారు రోజులది. గుండె దడ, జ్వరం, ఎడమ భుజంలో నొప్పి మొదలయ్యేసరికి మనిషి లీడ్స్‌లోనో బర్మింగ్‌హమ్‌లోనో తన ఇంట్లో ఉంటారు. ఆపరేషన్ చేసిన సర్జన్ మూడు వేల కిలోమీటర్ల అవతల. ఎదురుగా ఉన్న ఎమర్జెన్సీ డాక్టర్ చేతిలో రెండు పేజీల డిశ్చార్జి కాగితం, ఒక్కోసారి అదీ టర్కిష్‌లో. ధర తక్కువన్నది నిజమే. అయితే ఆపద వచ్చే వారాన్ని ధరలోంచి తీసేయడం వల్ల కూడా అది తక్కువైంది. నా అభ్యంతరమంతా దీని మీదే.

ప్రయాణ బీమా ఉంది కదా అనుకుంటారు. మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్ ముందే నిర్ణయించుకున్న ఆపరేషన్‌కి గానీ, దాని వల్ల వచ్చే ఇబ్బందులకి గానీ వర్తించదు. చికిత్స కోసం వెళ్లేవాళ్లకి విడిగా పాలసీలున్నాయి, అవి విడిగా కొనుక్కోవాలి. బ్రిటన్‌కి తిరిగి చేరాక లీకైతే అక్కడి ప్రభుత్వ వైద్యసేవ ఎన్‌హెచ్‌ఎస్ అత్యవసర చికిత్స చేస్తుంది, చేసి తీరుతుంది. ఇస్తాంబుల్‌లో ఉండగానే అయితే ఐసీయూ బిల్లు రోజుల లెక్కన పెరుగుతుంది. టర్కీకి చికిత్స కోసం వెళ్లి 2019 నుంచి 20 మందికి పైగా బ్రిటిష్ పౌరులు మరణించారని బ్రిటన్ విదేశాంగశాఖ తన ప్రయాణ సూచనల్లో రాసింది. అందులో అన్ని రకాల చికిత్సలూ ఉన్నాయి. బరువు ఆపరేషన్ కోసం వెళ్లి చనిపోయిన ఏడుగురి వివరాలని 2023లో బీబీసీ బయటపెట్టింది.

కొటేషన్‌లో మినహాయింపుగా కూడా కనిపించని ఖర్చు ఇంకొకటుంది, బతికున్నంతకాలం ఉండేది. బ్రిటన్‌లో నైస్ సంస్థ మార్గదర్శకాల ప్రకారం ఆపరేషన్ చేసిన బృందమే కనీసం రెండేళ్లు రోగిని చూసుకోవాలి. మొదటి ఏడాది మూడు, ఆరు, పన్నెండు నెలలకి రక్తపరీక్షలు. తర్వాత ఏటా ఒకసారి, జీవితాంతం. రోజూ మల్టీవిటమిన్, ఐరన్, క్యాల్షియం, విటమిన్ డి. మూడు నెలలకోసారి బీ12 ఇంజెక్షన్. మొదటి వారాల్లో వాంతులు ఆగకపోతే విటమిన్ బీ1 తగ్గి మెదడుకే శాశ్వతంగా దెబ్బ తగలొచ్చు. తొందరగా బరువు తగ్గితే పిత్తాశయంలో రాళ్లు చేరొచ్చు. స్లీవ్ తర్వాత కొందరికి ఛాతీలో మంట ముదిరి దాన్ని గ్యాస్ట్రిక్ బైపాస్ అనే మరో ఆపరేషన్‌గా మార్చాల్సివస్తుంది. స్త్రీలు ఏడాది, ఏడాదిన్నర గర్భం వాయిదా వేసుకోవాలి. విదేశంలో చేయించుకొచ్చిన ఆపరేషన్‌కి ఇంత ప్రత్యేక పర్యవేక్షణ తమ బాధ్యత కాదని చాలామంది కుటుంబ డాక్టర్లు (జీపీలు) చెప్పేస్తారు. వాళ్లని తప్పుపట్టలేం.

ఇక లెక్క. ఇది నా అంచనా, మీ ఊరినీ సీజన్‌నీ బట్టి మారుతుంది. ప్యాకేజీ 3,000 పౌండ్లు. ఇద్దరికి టికెట్లు 500. రెండో వారం కూడా అక్కడే ఉండటానికి హోటల్ 400. చికిత్స బీమా 200. రెండేళ్ల విటమిన్లు నెలకి 15 చొప్పున 360. నాలుగుసార్లు ప్రైవేటు రక్తపరీక్షలు 600. మొత్తం 5,060 పౌండ్లు, దాదాపు ఐదు లక్షల ఎనభై వేల రూపాయలు. మూడువారాలు పనికి వెళ్లలేకపోతే పోయే జీతం ఇందులో కలపలేదు. యజమాని చట్టప్రకారం ఇవ్వాల్సిన కనీస సిక్ పే 2025-26లో వారానికి 118.75 పౌండ్లే. బ్రిటన్ ప్రైవేటు ధరలో సాధారణంగా రెండేళ్ల పర్యవేక్షణ కలిసే ఉంటుంది. అంటే, అంతా సవ్యంగా జరిగితే ఇస్తాంబుల్ ఇప్పటికీ చవకే. కానీ ఐదు నుంచి ఏడు వేల పౌండ్లు మిగులుతాయనుకున్నచోట మిగిలేది మూడు నుంచి ఐదు వేలు. రెండో వారం ఉండకుండా, బీమా కొనకుండా, పరీక్షలు మానేసి ఇంకా మిగిల్చుకోవచ్చు. నేనైతే ఆ 400 పౌండ్ల హోటల్ ఖర్చుని ఎట్టి పరిస్థితుల్లోనూ వదులుకోవద్దంటాను.

ఇదంతా చదివి, ‘నోరు కట్టుకుంటే పోయేదానికి ఇంత దూరం ఎందుకు’ అనేవాళ్లుంటారు. ఆ మాట అనకండి. అదుపులోకి రాని మధుమేహం, నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు, అరిగిపోయిన మోకాళ్లతో బతుకుతున్నవాళ్లు వీళ్లు. ఎన్‌హెచ్‌ఎస్‌లో ముందు నెలల తరబడి బరువు నియంత్రణ కార్యక్రమంలో ఉండాలి, ఆ తర్వాతే సర్జరీ వరస. కొన్ని ప్రాంతాల్లో అది ఏళ్లు పడుతుంది. అంతకాలం ఆగలేక వెళ్తున్నారు.

చరిత్ర రెండు ముక్కల్లో. 1954లో అమెరికాలోని మినసోటా సర్జన్లు క్రెమెన్, లిన్నర్ పేగుని దాటవేసే ఆపరేషన్ గురించి రాశారు. 1960ల్లో అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ గ్యాస్ట్రిక్ బైపాస్ మొదలుపెట్టారు. 1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఈ ఆపరేషన్‌కి అర్హతగా బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు కొలత) 40, జబ్బులుంటే 35 అని గీత గీసింది. 1990ల్లో పొట్ట కోయకుండా చిల్లులతో చేసే పద్ధతి వచ్చాక ఆసుపత్రిలో ఉండే రోజులు తగ్గాయి. ఆపరేషన్‌ని ప్యాకేజీగా అమ్మడం అప్పట్నుంచే సాధ్యమైంది.

అమెరికన్లకి ఇస్తాంబుల్ లాంటిది తిహ్వానా. శాన్ డియేగో సరిహద్దు దాటగానే ఉంటుంది. అమెరికాలో సొంత డబ్బుతో 15,000 నుంచి 25,000 డాలర్లయ్యే స్లీవ్ అక్కడ 4,000 నుంచి 6,000. 2019 జనవరిలో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీ హెచ్చరిక జారీచేసింది. తిహ్వానాలో ఎక్కువగా బరువు ఆపరేషన్లు చేయించుకొచ్చినవాళ్లలో, శక్తిమంతమైన యాంటీబయాటిక్స్‌కి కూడా లొంగని సూడోమోనాస్ బ్యాక్టీరియా కనిపించింది. ధర పట్టికలో అలాంటి ఇన్ఫెక్షన్‌కి గడి ఉండదు.

బాక్సు: బ్రిటన్‌లోని తెలుగువాళ్లకి

ఇస్తాంబుల్ టికెట్టు కొనేముందు, ఎన్‌హెచ్‌ఎస్‌లోనే ఈ ఆపరేషన్‌కి అర్హత ఉందేమో జీపీని అడగండి. దక్షిణాసియా కుటుంబ నేపథ్యం ఉన్నవాళ్లకి నైస్ సంస్థ బీఎంఐ హద్దుని 2.5 తగ్గించింది. అందరికీ 40 అయితే మనకి 37.5. బరువుతో ముడిపడ్డ జబ్బులుంటే 35 బదులు 32.5. టైప్-2 మధుమేహం ఇటీవలే బయటపడితే 27.5 నుంచే పరిశీలించొచ్చు. వీసాతో పాటు ఏడాదికి 1,035 పౌండ్ల హెల్త్ సర్‌చార్జి కట్టినవాళ్లకీ ఎన్‌హెచ్‌ఎస్‌లో చికిత్స పొందే హక్కు ఉంది. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. బ్రిటన్ వీసా ఉంటే టర్కీ ఈ-వీసా దొరుకుతుంది కానీ అది పర్యటనకీ వ్యాపారానికీ ఉద్దేశించింది. చికిత్సకి ఏది కావాలో టర్కీ కాన్సులేట్‌ని అడిగి తేల్చుకోవాలి. క్లినిక్కుకి టర్కీ ఆరోగ్యశాఖ ఇచ్చే హెల్త్ టూరిజం అనుమతి పత్రం ఉందో లేదో చూడాలి.

బాక్సు: ఇమాన్ ప్రయాణం

ఈజిప్టుకి చెందిన ఇమాన్ అబ్ద్ ఎల్ ఆతీ బరువు దాదాపు 500 కిలోలని కుటుంబం చెప్పింది. 2017 ఫిబ్రవరిలో ఆమెని ప్రత్యేకంగా ఏర్పాటుచేసిన విమానంలో అలెగ్జాండ్రియా నుంచి ముంబయికి తెచ్చారు. సైఫీ ఆసుపత్రిలో మార్చిలో స్లీవ్ చేశారు, ఉచితంగా. మేలో అబూధాబీలోని ఆసుపత్రికి మార్చారు. సెప్టెంబరులో అక్కడే మరణించారు. ఆపరేషన్ ధర సున్నా అయినా, దాని చుట్టూ విమానం, మంచం, నెలల తరబడి వైద్యబృందం, రెండు దేశాల ఆసుపత్రులు అవసరమయ్యాయి.

బాక్సు: హైదరాబాద్‌కే వస్తే

హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రుల్లో స్లీవ్‌కి మూడు నుంచి ఐదు లక్షల రూపాయలవుతుంది. విదేశాల్లోని తెలుగువాళ్లకి ఇక్కడ కలిసొచ్చేది ధర ఒక్కటే కాదు. నెలరోజులు అమ్మానాన్నల దగ్గర ఉండొచ్చు, లీకు భయం ఉండే వారాలు సర్జన్‌కి అందుబాటులో గడిచిపోతాయి. విదేశీ పౌరులకి 60 రోజుల ఈ-మెడికల్ వీసా ఉంది. ఇక్కడి ఆరోగ్య బీమా పాలసీల్లో, 2019లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ రూపొందించిన ప్రామాణిక నిబంధన ప్రకారం, 18 ఏళ్లు నిండి బీఎంఐ 40 ఉంటే, లేదా 35 ఉండి తీవ్రమైన గుండెజబ్బు, స్లీప్ ఆప్నియా, అదుపులో లేని మధుమేహం లాంటివి ఉంటే, డాక్టర్ సలహా మీద చేసే ఈ ఆపరేషన్‌ని మినహాయింపు కింద తోసిపుచ్చకూడదు. వెయిటింగ్ పీరియడ్ ఎంతో పాలసీ కాగితంలో చూసుకోండి. ఆపరేషన్ తేదీ ఖరారు చేసుకునే ముందే బీమా సంస్థ నుంచి ముందస్తు అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి.