ఐ.సి.యు.లో మధుమేహ రోగి: రక్తం చెప్పే సంగతులు

మధుమేహం గలవారు న్యుమోనియాతోనో, చీము పట్టిన పుండుతోనో, గుండెపోటుతోనో ఐ.సి.యు.లో చేరినప్పుడు బంధువులు అడిగే మొదటి ప్రశ్న "షుగర్ ఎంత ఉన్నది?" అని. ఆ ఒక్క అంకెను బట్టి రోగి గతిని నిర్ణయించుకోవటం పొరపాటు.

వ్యాధి సాధ్యమా, అసాధ్యమా అని ముందుగా విచారించటం మన శాస్త్రానికి కొత్త కాదు. ప్రమేహాలు 20 అని చెప్పి, కఫజములు 10 సాధ్యములనీ, పిత్తజములు 6 యాప్యములనీ, అంటే ఔషధంతో అదుపులో ఉంచదగినవనీ, వాతజములు 4 అసాధ్యములనీ చరకుడు విభజించాడు. చరకసంహితలోని ఇంద్రియస్థానం 12 అధ్యాయాలూ అరిష్ట లక్షణాల విచారణకే ఏర్పడినవి. గురుకులంలో వాటిని వల్లించినవారం మేము. అయితే నాడికి అందని కొన్ని సంగతులను నేడు రక్తపరీక్షలు తెలుపుతున్నవి.

హెచ్‌బీఏ1సీ: ఇది గడచిన రెండు మూడు మాసాల సగటు షుగర్‌ను సూచిస్తుంది. ఇది 10 శాతమైతే సగటు సుమారు 240; 6.5 శాతమైతే సుమారు 140. ఈ ఇద్దరికీ ఆసుపత్రిలో చేరిననాడు షుగర్ 280 ఉన్నదనుకుందాం. మొదటివానికి అది అలవాటైన స్థాయికి కొంత ఎక్కువ మాత్రమే. రెండవవానికి అది రెట్టింపు. వ్యాధి శరీరాన్ని ఎంతగా కలచివేసిందో దానివలన తెలుస్తుంది. ఈ నిష్పత్తి హెచ్చుగా ఉన్నవారిలో ప్రాణాపాయం అధికమని పలు పరిశీలనలలో కనబడింది. రక్తహీనత ఉన్నా, రక్తం ఎక్కించినా, మూత్రపిండాలు చెడినా హెచ్‌బీఏ1సీని పూర్తిగా నమ్మరాదు.

లాక్టేట్: కణాలకు ప్రాణవాయువు చాలనప్పుడు ఇది పెరుగుతుంది. సాధారణంగా 2 లోపు ఉండాలి. 4 దాటితే ప్రమాద సూచన. చికిత్సతో కొన్ని గంటలలో తగ్గుముఖం పడితే శుభలక్షణం. మూత్రపిండాలు దెబ్బతిన్నవారు మెట్‌ఫార్మిన్ వాడుతూ ఉంటే కూడా ఇది పెరగవచ్చు.

కీటోన్లు: రక్తంలో ఇవి 3 దాటి, బైకార్బొనేట్ 18 కంటే తగ్గితే రక్తం ఆమ్లమయమవుతున్నదని భావించాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడేవారిలో షుగర్ 200 లోపే ఉన్నా ఈ ఉపద్రవం రావచ్చు. కనుక షుగర్ తక్కువగా ఉన్నదని ఊరట చెందరాదు.

క్రియాటినిన్, పొటాషియం: మొదటిది మూత్రపిండాల స్థితిని తెలుపుతుంది. రెండవది మరీ పెరిగినా, తగ్గినా గుండె లయ తప్పుతుంది.

షుగర్ ఎక్కువైతేనే కీడు అనుకోరాదు. ఐ.సి.యు. రోగులు 6,104 మందిపై జరిగిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 2009లో వెలువడినవి. షుగర్‌ను 81-108 మధ్యకు దించటానికి ప్రయత్నించినవారిలో 27.5 శాతం, 180 లోపు ఉంచినవారిలో 24.9 శాతం 90 రోజులలో మరణించారు. అందుకే నేడు చాలామంది రోగులకు 140-180 మధ్య ఉంచుతారు. "ఇంకా 160 ఉన్నదేమి?" అని డాక్టరుగారిని తొందరపెట్టవద్దు.

ఇక నా అనుభవం ఒకటి. కొన్నేళ్ల క్రితం ఒక పెద్దాయనకు కాకరరసం సేవించమని చెప్పాను. ఇన్సులిన్ మానరాదని విడిగా చెప్పలేదు. ఆయన మానివేశారు. వారం తిరగకముందే వాంతులు, కడుపునొప్పి, బరువైన వేగమైన శ్వాస, మగతతో నా వద్దకు తీసుకువచ్చారు. నోటి నుండి మగ్గిన పండ్ల వాసన వస్తున్నది. నేను ఏ మందూ ఇవ్వక, వెంటనే పెద్దాసుపత్రికి పంపించాను. దైవకృపతో బ్రతికారు. ఆనాటి నుండి కాకర, మెంతులు చెప్పిన ప్రతివారికీ "ఇన్సులిన్ ఆపవద్దు" అనే మాట ముందుగా చెబుతున్నాను.

పై లక్షణాలు కనబడితే గృహవైద్యానికి తావులేదు. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు పాత హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్ కాగితాలు, వాడే మందులన్నీ, ఆకుమందులు సహా, వెంట తీసుకుపోవాలి. చివరి మోతాదు ఎప్పుడు వేసుకున్నదీ చెప్పాలి. పాత అంకె లేనిదే కొత్త అంకెకు అర్థం పూర్తిగా తెలియదు.

ఏ పరీక్షా విధిలిఖితం కాదు. అది పలువురి అనుభవం నుండి తీసిన సూచన మాత్రమే. ఒకనాటి అంకె కంటే అది ఏ దిశగా నడుస్తున్నదో చూడటం ముఖ్యం. ఇంట్లో మధుమేహం ఉన్నవారి కాగితాలన్నీ నేడే ఒకచోట చేర్చి, అందరికీ తెలిసేలా భద్రపరచండి.