నలభై దాటిన ఒంటికి నడక తోడు



ఉదయం పిల్లల క్యారియర్లు, పగలు బడి, రాత్రి నోటుపుస్తకాలు దిద్దడం. ఇక వ్యాయామానికి తీరికెక్కడ? నేనూ ఇలాగే అనేవాణ్ణి. నిరుడు రక్తపరీక్షలో చక్కెర అంచున ఉందన్నారు డాక్టరుగారు. మా చిన్నది ఇంకా ఐదో తరగతే. అప్పుడు గాని నాకు భయం పుట్టలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క వినండి. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాలు చురుకైన నడకలాంటి శ్రమ కావాలి. అంటే రోజుకు 30 నిమిషాలు, వారానికి ఐదు రోజులు. అంతా ఒక్కసారే నడవనక్కరలేదు. పూటకు పది నిమిషాలైనా లెక్కే. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదీ తగిన వేగం. వారానికి రెండు రోజులు కండలకూ పని చెప్పాలి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడంతో మొదలుపెట్టవచ్చు. గుండెనొప్పి, ఆయాసం ఉన్నవారు ముందు డాక్టరును అడగాలి.

ఉత్సాహం వచ్చాక చూద్దామంటే అది రాదు. రోజూ చేసే పనికే నడకను ముడివేయాలి. నేను బస్సు రెండు స్టాపుల ముందే దిగుతాను. ఆదివారం పిల్లలతో లాల్‌బాగ్ బండ ఎక్కుతాను.

కోలారు జిల్లా బెళ్లూరులో 1918లో పుట్టిన యోగాచార్యులు బి.కె.ఎస్. అయ్యంగార్ చిన్నతనమంతా జబ్బులే. ఆసనాలతో కోలుకుని 95 ఏళ్లు బతికారు.

చినుకు చినుకుతోనే మన చెరువులు నిండేది. ఈ ప్రసంగం కాగానే వీధి చివరిదాకా నడిచి రండి. సెలవు.